పెదవులు కలిసే అక్షరం

వల్పరాయిసోలో పొద్దుటి పొగమంచు
మెట్లెక్కి రాదు.
సముద్రం మీంచి తిన్నగా మూడో అంతస్తు కిటికీలో దూరుతుంది.
దానికి ఎదురుగా నిలబడి బ్రౌలియో
తన పేరు తనే పలకడం సాధన చేస్తున్నాడు.

నలభై మూడేళ్లు.
కొండ మీదికి మనుషుల్ని లాగే పాత లిఫ్టుకు
బ్రేకు పట్టే ఉద్యోగం.
పదింటికి ఇంటర్వ్యూ.

మేనకోడలు రాయెన్ రాత్రి పొద్దుపోయేదాకా నూరిపోసింది.
"మొదటి అరనిమిషమే మామా, మిగతాదంతా దాని తోక.
తలుపు తోసేటప్పటికే మొహాన నవ్వుండాలి.
చెయ్యి గట్టిగా పట్టు, జారిపోయే చేపను పట్టినట్టు కాదు.
కళ్లల్లోకి చూడు. పేరు చెప్పు. అప్పుడు కూర్చో."
అన్నీ వచ్చాయి.
పేరు ఒక్కటి తప్ప.

ఏ మాటనైనా అడ్డదారిన దాటించగలడు.
బుధవారం రాకపోతే
మంగళవారం మర్నాడు అంటాడు.
పేరుకి మర్నాడు లేదు.
బకారం, దాని కాళ్ల దగ్గర రావత్తు.
పెదవులు రెండూ కలిస్తేగాని పుట్టదు,
కలిశాక అవి విడవవు.

చేపల రేవులో చేరిన రోజున మేస్త్రీ అడిగాడు, పేరేమిట్రా?
వెనకాల వరస. బుట్టల్లో కరుగుతున్న ఐసు.
నోరు తెరిస్తే చాలు, దానంతటదే వచ్చే పేరొకటి దొరికింది.
ఆస్కార్.
నాలుగేళ్లు ఆస్కార్ వలలు అల్లాడు.
శనివారం శనివారం ఆస్కార్‌కి జీతమిచ్చారు.
గాలం గుచ్చుకుంటే ఆస్కార్ వేలికే కట్టు కట్టారు.
నెత్తురు మాత్రం బ్రౌలియోది.

ఆఫీసు వరండాలో బెంచీ.
అరువు బూట్లు అరసైజు పెద్దవి,
మునివేళ్ల దగ్గర నిన్నటి పేపరు కుక్కుకున్నాడు.
తనకంటే ముందు ముగ్గురు ఆరంభశూరులు
గట్టిగా నవ్వుతూ లోపలికెళ్లి
గట్టిగా నవ్వుతూనే బయటికొచ్చారు.

లోపల ఇంజనీరు ఎర్మినియా గారు.
పక్కన గుమాస్తా, సగం తిన్న రొట్టె.
నవ్వాడు. చెయ్యి పట్టాడు. కళ్లల్లోకి చూశాడు.
"మీ పేరు?"
కాగితం ఆవిడ ముందే ఉంది,
అయినా అడిగింది. అందరూ అడుగుతారు.

పెదవులు కలిశాయి.

గోడ అవతల లిఫ్టు కదిలింది.
ఒక పెట్టె దిగుతోందంటే రెండోది ఎక్కుతోందన్నమాట,
ఒకే తాడు, ఒకదాని బరువు ఒకదానికి ఊతం.
దవడ కింద నరం బిగిసింది.
గుమాస్తా రొట్టె వైపు చూశాడు.
బూటులో పేపరు చెమటకు తడిసింది.

మా భాషలో దీన్ని
ఆదిలోనే హంసపాదు అంటారు,
మొదటి అడుగే తప్పటడుగని.
తాటాకు మీద గంటంతో రాసినవాడిని అడగండి.
హంసపాదంటే తప్పు కాదంటాడు.
తప్పిపోయిన అక్షరం వెనక్కొచ్చి
తన చోట తను కూర్చోడానికి
పంక్తి కింద వదిలిన దారి.

జాలిపడి ఎర్మినియా గారు
కాగితంలోని పేరు తనే చదవబోయింది.
అప్పుడు బ్రౌలియో చెయ్యెత్తాడు.
అరచెయ్యి ముందుకి,
తలుపు మూసేముందు
ప్రయాణికుల్ని ఆపేవాడిలా.
ఆగండి, అది నాది.

రాయెన్ చెప్పిన పాఠంలో ఈ చెయ్యి లేదు.

ఆవిడ ఆగింది.
కింది స్టేషన్లో పెట్టె ఆనిన చప్పుడైంది.
"బ్... బ్... బ్రౌలియో ఓయార్సూన్."
తరవాతే కూర్చున్నాడు.
ఆ పైన గ్రీజు గురించి, తాడు పీచు లేవడం గురించి,
వర్షంలో బ్రేకు ఎంత ముందుగా పట్టాలో
మధ్యమధ్య ఆగుతూ ఇరవై నిమిషాలు మాట్లాడాడు.
గుమాస్తా రొట్టె మరచిపోయాడు.
శుక్రవారం కబురు చేస్తామన్నారు.
అందరికీ అదే అంటారు.

బయట మంచు విడిపోయింది.
బజారు మలుపులో చేపలమ్మే కుర్రాడు
కత్తి గాల్లోకెత్తి కేకేశాడు.
"ఆస్కార్! ఏమిటీ షోకు, పెళ్లా?"

నాలుగేళ్లుగా ఆ కేకకి చెయ్యూపి వెళ్లిపోయేవాడు.
ఇవాళ ఆగాడు.
వీధి దాటి, బండి ముందు నిలబడి,
కుర్రాడి కళ్లల్లోకి చూసి,
తొందరేం లేనట్టు
పెదవులు రెండూ కలిపాడు.